పాత యంత్రం, పనిచేసే చేతులు

పాతదాన్ని ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న మన విమర్శ వ్యాసాల్లో ఎన్నోసార్లు వచ్చింది. ప్రబంధాలను ఏం చెయ్యాలి, ఛందస్సును ఏం చెయ్యాలి, వారసత్వంలో ఏది వుంచుకోవాలి, ఏది వదులుకోవాలి అని మనం చాలా వాదించుకున్నాం. తరగతిలో ఈ విషయం మీద గంటలకొద్దీ మాట్లాడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఐతే పోయిన ఏడాది వేసవిలో అదే ప్రశ్న సుమారు ఎనిమిది వందల కిలోల పోత ఇనుము రూపంలో నా ఎదుటికి వచ్చింది. తరగతిలో నేను చెప్పే జవాబులు దాని ముందు చాలలేదు.

సంగతి ఇది. గోదావరి ఒడ్డున మా ఊళ్ళో ఒక కలప అడితి వుండేది. దాని వెనక షెడ్డులో ఒక రంపపు మిషను, ఒక చిత్రిక మిషను వుండేవి. మా నాన్న ఆ షెడ్డులో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. యజమాని కొడుకులు స్థలాన్ని ఇళ్ళ ప్లాట్లు చేసి అమ్ముకోదలచారు. రంపపు మిషను అప్పటికే పాత ఇనుము కొట్టుకు వెళ్ళిపోయింది. మిగిలింది చిత్రిక మిషను. మా బాబాయి కొడుకు నాకు ఫోను చేశాడు.

“అన్నయ్యా, తూకం లెక్కన ఇచ్చేస్తామంటున్నారు. ముప్పై వేలు. బాగుచెయ్యడానికి ఇంకో యాభై అవుతుంది. నువ్వు చీటీ పాడిన డబ్బు వుందిగా, అది సర్దు. కొత్తది ఇంత బరువైన మిషను మనం కొనలేం.”

వాడు ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని చదివాడు. రెండేళ్ళు ఎక్కడెక్కడో కాంట్రాక్టు పని చేసి ఊరికి తిరిగివచ్చి, ఇద్దరు కుర్రాళ్ళతో ఒక చిన్న వడ్రంగి షెడ్డు పెట్టుకున్నాడు. వాడికి ఆ యంత్రం అవసరం. అందులో సందేహం లేదు. ఐనా నేను వెంటనే వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే యంత్రం సంగతి కొంచెం చెప్పాలి. వాక్యాన్ని బాగా చిత్రిక పట్టాడని మనం రచయితలను మెచ్చుకుంటాం. ఆ మాట ఏ పని నుంచి వచ్చిందో ఆ పనిని కరెంటు మీద చేసేది ఈ మిషను. నున్నటి ఇనుప బల్లలు రెండు ఒకే వరసలో వుంటాయి. వాటి మధ్య సందు. ఆ సందులో కత్తులు బిగించిన దిమ్మ నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. మనిషి కర్రను చేతులతో అదిమి దాని మీదుగా తోస్తాడు. కర్ర అయిపోయేచోట చేతులూ కత్తులూ దగ్గరౌతాయి. 1996లో ఒక రాత్రి మా నాన్న ఎడమచేతి వేళ్ళు రెండు ఆ సందులోకి పోయాయి. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. రెండు నెలలు ఇంట్లో వుండి, నాన్న మళ్ళీ ఆ మిషను దగ్గరికే పనికి వెళ్ళాడు. వేరే పని లేదు.

అంచేత నా మొదటి జవాబు ద్వేషం. ఆ యంత్రం కొలిమిలో కరిగిపోవాలి. కాని షెడ్డుకు వెళ్ళి చూసినప్పుడు నాలో ఇంకొక భావం కూడా లేచింది. దానిమీద ఇంగ్లండు కంపెనీ పేరు పోతలోనే అచ్చయివుంది. బల్లల కింద కాళ్ళకు అనవసరమైన వంపులు, సొంపులు. చిన్నప్పుడు అన్నం క్యారియరు పట్టుకుని వెళ్ళి ఆ కాళ్ళ పక్కన రంపపు పొట్టులో కూర్చునేవాణ్ణి. దాన్ని కొని, తుప్పు దులిపి, రంగు వేసి నిలబెట్టాలనిపించింది. ఇంగ్లండులో, అమెరికాలో పాత వడ్రంగి యంత్రాలు వెతికి కొని, మొదట ఏ రంగు వేశారో ఆ రంగే వేసి బాగుచేసుకునేవాళ్ళు చాలామంది వున్నారు. వాళ్ళ సరదా నాకు ఆ పూట అర్థమైంది.

ఈ రెండు భావాల్లోనూ ఒకే తప్పు వుందని తర్వాత గ్రహించాను. ద్వేషించినప్పుడూ, ముచ్చటపడినప్పుడూ నేను యంత్రాన్ని ఒక మనిషిని చూసినట్టు చూశాను. యంత్రం నేరం చెయ్యదు, ఉపకారమూ చెయ్యదు. మనుషుల మధ్య వున్న సంబంధం వస్తువుకున్న గుణంలా కనబడటం గురించి మార్క్స్ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో వివరంగా రాశాడు. దాన్ని నేను విద్యార్థులకు చెప్పగలను. మా నాన్న వేళ్ళు తిన్న యంత్రం ముందు నిలబడి గుర్తుంచుకోవడం వేరు.

ఈ యంత్రం ఎక్కడ పుట్టింది? కర్రపని యంత్రాల తొలి రూపకర్తల్లో ఒకడు ఇంగ్లీషువాడు శామ్యూల్ బెంథామ్. చిత్రిక పట్టే యంత్రానికి 1791లోనూ, ఇంకా ఎన్నో కర్రపని యంత్రాలకు 1793లోనూ అతడు పేటెంట్లు తీసుకున్నాడు. అతని అన్న జెరెమీ బెంథామ్ తత్వవేత్త, పానాప్టికాన్ అనే జైలును కలగన్నవాడు. ఒక కాపలాదారు నడుమ కూర్చుంటే ఖైదీలందరూ కనబడే జైలు అది. ఆ జైల్లో పని నేర్వని ఖైదీల చేత వడ్రం చేయించడానికి ఈ యంత్రాలు పనికివస్తాయని అన్నదమ్ములు ఆలోచించారు. అంటే పనివాడి నైపుణ్యం అక్కర్లేకుండా చెయ్యాలన్న కోరిక ఈ యంత్రాల పుట్టుకలోనే వుంది. ఆ జైలు కట్టలేదు. కాని 1800 తర్వాత కొద్ది సంవత్సరాలకే పోర్ట్స్‌మత్ నౌకాకేంద్రంలో, శామ్యూల్ బెంథామ్ ప్రోత్సాహంతో, మార్క్ బ్రూనెల్ రూపొందించి హెన్రీ మాడ్స్లే తయారుచేసిన యంత్రాలు వచ్చాయి. ఓడ తాళ్ళకు కావలసిన కప్పీలు చెయ్యడానికి 110 మంది నిపుణులు పట్టే చోట 10 మంది మామూలు మనుషులు చాలారు.

పనివాళ్ళకు ఈ సంగతి తెలియకపోలేదు. 1768లో లండన్‌లోని లైమ్‌హౌస్‌లో చార్లెస్ డింగ్లీ గాలిమరతో నడిచే రంపపు మిల్లు పెడితే, చేతిరంపం లాగి బతికే వందలాది మంది దాని మీద పడి పగలగొట్టారు. వాళ్ళను మూఢులని నవ్వడం తేలిక. వాళ్ళకు ఆకలి కనబడింది. దాన్ని తెచ్చినవాడు కనబడలేదు, తెచ్చిన వస్తువు కనబడింది. యంత్రాన్నీ, దాన్ని పెట్టుబడి వాడుకునే తీరునూ వేరుచేసి చూడటం కార్మికులకు కాలం గడిచి, అనుభవం మీద తెలిసిందని మార్క్స్ అన్నాడు. అది నాకూ వర్తించింది. ఎమ్మే చదివి పదేళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను, మా నాన్న విషయంలో ఆ లైమ్‌హౌస్ కార్మికుల దగ్గరే ఆగిపోయాను.

ఇక రెండో విషయం. ఎనిమిది వందల కిలోల యంత్రం ముప్పై వేలకు ఎలా వస్తోంది? అరిగిపోయినందువల్ల కాదు. యంత్రానికి వాడకంలో వచ్చే అరుగుదల, వాడకపోతే పట్టే తుప్పు కాక ఇంకొక క్షయం వుందని మార్క్స్ చెప్పాడు. అలాంటిదే ఇంకా చౌకగా తయారైనా, దానికంటె మెరుగైనది పోటీకి వచ్చినా పాత యంత్రం విలువ పడిపోతుంది. దానికి ఆయన ‘నైతిక’ క్షయం అని పేరు పెట్టాడు. నీతితో సంబంధం లేని నైతికత అది. ఇవాళ మన పట్టణాల్లో కంప్యూటరుతో నడిచే యంత్రాలు తలుపుల మీద లతలూ, దేవుళ్ళ బొమ్మలూ గంటల్లో చెక్కేస్తున్నాయి. తయారై వచ్చే తలుపులు వున్నాయి, అచ్చుపలకలు వున్నాయి. మా ఊరి యంత్రం బల్లలు నిన్నటిలాగే నున్నగా వున్నా, సంతలో అది చచ్చిపోయింది.

సంతలో చచ్చినది పనికి కూడా చచ్చినట్టేనా? అలా అనుకోవడం సంత చెప్పిన మాటను ప్రకృతి ధర్మంగా ఒప్పుకోవడమే. గుమ్మాన్ని సరిచెయ్యాలన్నా, బడి బల్లను నున్నచెయ్యాలన్నా ఈ యంత్రం చేసే పని ఇవాళ కూడా అక్కరకొచ్చే పనే. దాన్ని పోతపోసినవాళ్ళ శ్రమ, వందేళ్ళ నాటిదైనా, అందులో ఇంకా వాడుకోవడానికి వీలుగా వుంది. అంచేత కొత్తది అభ్యుదయం, పాతది తిరోగమనం అనే తేలిక సూత్రం ఇక్కడ పనికిరాదు. అలాగే పాతది గట్టిది, కొత్తదంతా నాసి అనే ముసలి సూత్రమూ పనికిరాదు.

సరే, కొంటాం. బాగుచేస్తాం. బాగుచెయ్యడం అంటే ఏ స్థితికి తీసుకురావడం?

నా చదువు నాకు నేర్పిన జవాబు ఒకటి వుంది. తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించేవాడు మూలపాఠానికి విశ్వాసంగా వుండాలి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ప్రతులు పోల్పించాడంటే, కవి రాసినదానికి వీలైనంత దగ్గరికి పోవడానికే. తనకు నచ్చలేదని పద్యాన్ని మార్చేవాడు పరిష్కర్త కాడు. ఆ లెక్కన యంత్రాన్ని కూడా మొదటిరోజు ఎలా వుందో అలా నిలబెట్టాలి. కాని ఈ యంత్రపు మూలపాఠంలో ఒక పెద్ద తప్పు వుంది. దాని కత్తుల దిమ్మ నలుచదరపుది. చదరపు దిమ్మ తిరుగుతున్నప్పుడు దాని మూలలు బల్ల అంచుకు దగ్గరగా వస్తాయి, పలకలు దూరంగా పోతాయి. ఆ ఖాళీలోకి వేలు పోతే చేతిని లోపలికి లాక్కుపోతుంది. గుండ్రటి దిమ్మలో ఆ ఖాళీ చాలా తక్కువ. దెబ్బ తగలదని కాదు, తగిలినా పైపైన పోయే అవకాశం ఎక్కువ. ఈ తేడా కనిపెట్టడానికి గొప్ప విజ్ఞానం అక్కర్లేదు. ఇంగ్లండులో 1922లో వచ్చిన నియమాలు, చేత్తో తోసే చిత్రిక యంత్రానికి గుండ్రటి దిమ్మ వుండితీరాలన్నాయి. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకరమైన భాగాలకు కాపుదల వుండాలంది. ఆ చట్టం కింద వచ్చిన నియమావళుల్లోకి దిమ్మ సంగతి కూడా ఎక్కింది.

1922కూ 1996కూ మధ్య డెబ్భై నాలుగేళ్ళు. యంత్రం ఇంగ్లండు నుంచి మా ఊరికి రాగలిగింది. దాన్ని గురించిన జ్ఞానం మాత్రం ఆ షెడ్డు గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ షెడ్డులో పనిచేసింది ఏడుగురు. చట్టం చదివినవాడు ఎవడూ అక్కడికి వచ్చిన గుర్తు మా నాన్నకు లేదు.

నేను ఈ వాదాలన్నీ నాన్న ముందు పెట్టాను. ఆయన ఏమీ అనకుండా మాతో షెడ్డుకు వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కింద తన వేళ్ళు పోయిన యంత్రాన్ని ఆయన తాకడేమో అనుకున్నాను. ఆయన బల్లలకు కిరసనాయిలు పూసి, కాసేపాగి పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాడు. ఇనుములో పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు సుద్ద మీద తడిగీతగా పైకి వస్తుంది. గీత రాలేదు. తర్వాత తిన్నని ఇనుప బద్ద ఒకటి బల్ల మీద నిలిపి, దాని కిందికి సన్నకాగితం ఎక్కడైనా దూరుతుందేమోనని చూశాడు. అంతా అయ్యాక మా తమ్ముడితో అన్నాడు.

“బల్లలు బాగున్నాయిరా. ఇంత పాత ఇనుము ఇక వంగదు. వేళ్ళు తీసింది దిమ్మ. దిమ్మ మార్చగలిగితే కొను. లేకపోతే తూకానికి పోనీ.”

నాకు ఆశ్చర్యమేసింది. నేను పుస్తకాల సాయంతో చేరిన చోటికి ఆయన సుద్దముక్కతో చేరాడు. కాని ఆయన మాట అక్కడితో అయిపోలేదు. దారిలో నాతో అన్నాడు: “దిమ్మ ఒక్కటే కాదులే. ఆ రాత్రి తెల్లారేసరికి నలభై గుమ్మాలకు కర్ర నునుపు చెయ్యాలన్నారు. ముక్కకింత అని లెక్క. రేకు అడ్డంగా వుంటే ఆలస్యమౌతోందని నేనే తీసేశాను.”

ఈ మాట నేను ఇంతకుముందు ఎన్నడూ వినలేదు. కాపుదల రేకు తీసింది ఆయన చెయ్యే. ఐతే ఆ చేతిని నడిపింది ముక్క కూలి. యజమాని ఒక్కమాట అనక్కర్లేదు. లెక్క అలా కడితే చాలు, పనివాడు తనంతట తనే రేకు తీస్తాడు. ప్రమాదం జరిగాక తప్పు ఎవరిదన్న విచారణలో పనివాడి పేరే తేలుతుంది.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇక్కడుంది. పాత యంత్రాన్ని కొన్నప్పుడు ఇనుముతోబాటు ఒక పని పద్ధతి కూడా మన ఇంటికి వస్తుంది. దాన్ని ఎవరూ తూచరు, రశీదులో రాయరు. ఇనుమును మాత్రమే బాగుచేసి, ఆ పద్ధతిని చూడనట్టు వూరుకుంటే మనం వేళ్ళు తీసే యంత్రాన్నే పునరుద్ధరించినట్టు. కవి మూలపాఠానికి విశ్వాసం చూపడం న్యాయం, ఎందుకంటే తప్పు పాఠం వల్ల ఎవరి చెయ్యీ తెగదు. యంత్రం విషయంలో మన విశ్వాసం దాన్ని పోతపోసినవాడి పట్ల కాదు, రేపు దాని ముందు నిలబడేవాడి పట్ల. అవసరమైతే మూలాన్ని చెడగొట్టి ఐనా సరే.

ఇక మిత్రుల ఆక్షేపణలు. మా ఉపాధ్యాయ సంఘంలో ఒకాయన అడిగాడు: “ఇది కులవృత్తిని మళ్ళీ నిలబెట్టడం కాదా? మీ నాన్న వడ్రంగి, మీ తమ్ముడు వడ్రంగి, డబ్బు పెట్టి ఆ ముడిని గట్టిచేస్తున్నావు.” ప్రశ్న న్యాయమైనదే. బాడిత, ఉలి తండ్రి చేతినుంచి కొడుకు చేతికి మాత్రమే వెళ్ళిన కాలంలో ఆ విద్య చుట్టూ గోడ వుంది. ఆ గోడ లోపల గౌరవమూ వుంది, చెర కూడా వుంది. కాని మా తమ్ముడి దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడి తండ్రి వ్యవసాయ కూలీ. వాళ్ళ ఇంట్లో ఎవరూ ఉలి పట్టి ఎరగరు. వాడు ఏడాదిలో పని నేర్చాడు. నైపుణ్యం అక్కర్లేకుండా చెయ్యాలని బెంథామ్ కోరుకున్న యంత్రమే, మన ఊళ్ళో పుట్టుకను బట్టి పని అనే నియమానికి కొంత గండి కొట్టింది. బెంథామ్‌కు ఆ వుద్దేశం లేదు. యంత్రాన్ని కనిపెట్టినవాడి వుద్దేశం దాని చరిత్రనంతా శాసించలేదు.

రెండో ఆక్షేపణ నాది నాకే. డబ్బు నాది. నెల జీతం తీసుకునే లెక్చరరును. యంత్రం నా పేర కొంటే, మా తమ్ముడూ ఆ ఇద్దరూ నా యంత్రం మీద పనిచేసే కూలీలౌతారు. వర్గసంబంధాల మీద పాఠం చెప్పి, సాయంత్రం వాటా లెక్క చూసుకునే పెద్దమనిషినౌతాను. చుట్టరికం ఈ విషయాన్ని కప్పిపుచ్చుతుందే గాని మార్చదు. అంచేత డబ్బు వడ్డీ లేని అప్పుగా ఇచ్చాను. యంత్రం పని చేసే ముగ్గురిదీ. కాగితం రాసుకున్నాం. తమ్ముడికి ఇది మొదట నచ్చలేదు. “మనలో మనకు కాగితాలేమిటన్నయ్యా?” అన్నాడు. మనలో మనమే కనుక కాగితం కావాలన్నాను. ఆ ఇద్దరు కుర్రాళ్ళూ మనలోవాళ్ళు కారు, వాళ్ళకు మన మంచితనం మీద ఆధారపడవలసిన గతి పట్టకూడదు.

బాగుచెయ్యడానికి నాలుగు నెలలు పట్టింది. దిమ్మ సంగతిలో లేతుషాపు మేస్త్రీ, తానే గుండ్రటి ఉక్కు తిప్పి చౌకలో ఇస్తానన్నాడు. ఒప్పుకోలేదు. నిమిషానికి నాలుగు వేలసార్లు తిరిగే దిమ్మలో కత్తి బిగింపు వదిలితే అది తుపాకి గుండుతో సమానం. యంత్రాలు చేసే కంపెనీ దగ్గరే కొన్నాం. యాభై వేలలో సగానికి పైగా దానికే అయింది. కాపుదల రేకు కొత్తది, కర్రను తొయ్యడానికి పిడి వున్న చెక్కలు, మోటారు ఆపే మీట చేతికందే చోట. పొట్టు పీల్చే గొట్టం కూడా పెట్టాలని నేను పట్టుబట్టాను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కర్రపొట్టు ధూళిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటిలో చేర్చింది. తెగిన వేలు అందరికీ కనబడుతుంది, పొట్టు పీల్చిన ముక్కు సంగతి ఎవరూ చూడరు. ముక్క కూలి లేదు, రోజు కూలే. రేకు తీసి పని చెయ్యమని ఎవరన్నా, తమ్ముడన్నా సరే, మోటారు ఆపే హక్కు ముగ్గురికీ వుంది.

ఇంతా చేసి మేం సాధించింది చాలా చిన్నది. సంత మారలేదు. తయారై వచ్చే తలుపు ధర ఇంకా తగ్గితే, రోజు కూలి గిట్టదని తమ్ముడు రేపు నాతో అనవచ్చు. అప్పుడు ముక్క కూలి మళ్ళీ వస్తుంది, దాని వెనకే రేకు వూడుతుంది. కొత్త దిమ్మ ఆ వొత్తిడిని ఆపలేదు. ముగ్గురు మనుషుల ఒప్పందం కూడా ఎంతో కాలం ఆపలేదు. దానికి ఊళ్ళోని వడ్రంగి షెడ్లన్నీ కలిసి ఒక కూలి రేటు మీద నిలబడాలి. ఆ పని మొదలు కాలేదు. యంత్రం బాగుచేసి అభ్యుదయం సాధించామని నేను చెప్పుకుంటే అది అబద్ధం.

పాత చదరపు దిమ్మను షెడ్డు గోడకు వేలాడదీద్దాం, జ్ఞాపకంగా వుంటుందని తమ్ముడన్నాడు. నాకూ ఆ ఆలోచన బాగుందనిపించింది. నాన్న ఒప్పుకోలేదు. “ఎప్పుడైనా కొత్త దిమ్మ రిపేరుకొస్తే, ఒక్క రోజుకే గదా అని దాన్ని తీసి బిగిస్తారు,” అన్నాడు. నిజమే. మర్నాడు దాన్ని రెండు ముక్కలుగా కోయించి, పాత ఇనుము కొట్టులో తూకానికి వేసి వచ్చాం.